ఒక్క ఎముకతో అంతరించిన చిలుక జాతిని గుర్తుపట్టగలరా? ప్రాణహిత ఒడ్డున దొరికిన ఎముక గురించి

నమస్తే తమ్ముడూ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. న్యూజిలాండ్‌లో రెండే రెండు ఎముకలను బట్టి, మనిషి నడుము దాకా వచ్చే పెద్ద చిలుక ఒకప్పుడు ఉండేదని తేల్చినట్టు మీరు వార్తల్లో చదివారు. మీకేమో మహారాష్ట్రలోని సిరోంచ దగ్గర ప్రాణహిత నది ఒడ్డున, ఇసుకలో, వేలెడు పొడవున్న సన్నని ఎముక దొరికింది. లోపల బోలుగా ఉంది. మీ స్నేహితుడు అది చిలుకదే అంటున్నాడు. "ఒక్క ఎముక చూసి ఇది చిలుకది, అదీ ఇప్పుడు లేని చిలుకది అని ఎలా చెప్తారు? నాది కూడా అలాంటిది అవుతుందా?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. సరైన ఎముక అయి, దాని చివర విరగకుండా ఉంటే ఒక్కటైనా చాలు. అంతరించిన చిలుకలు కొన్ని అలాగే బయటపడ్డాయి. మీ ఎముక మాత్రం, మీరు చెప్పినదాన్ని బట్టి, ఈ మధ్యకాలపు కోడిదో కొంగదో అయ్యే అవకాశం ఎక్కువ. ఆ ఒడ్డున బయటికి కనపడే ఎర్రమట్టి, సున్నపురాళ్ళ లోంచే వచ్చిందనుకున్నా అది చిలుకది కాలేదు. ఆ రాళ్ళు ఏర్పడినప్పుడు భూమి మీద చిలుకలే లేవు. అయినా దాన్ని పారేయకండి. ఎందుకో కింద చెప్తాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను సిరోంచలోనే పుట్టాను. ఇరవై ఏళ్ళకు పైగా శిలాజ ఎముకల చుట్టూ ఉన్న రాయిని సూదితో, బ్రష్‌తో తొలగించి, విరిగినవి అతికించి, పెట్టెల్లో సర్దే పని చేస్తున్నాను. దీన్ని ప్రిపరేటర్ పని అంటారు. పేర్లు పెట్టే శాస్త్రవేత్తను కాను. కానీ పేరు పెట్టేముందు ఆ ఎముక నాలాంటివాళ్ళ బల్ల మీద నెలల తరబడి ఉంటుంది కాబట్టి, ఏది ఎలా తేలుతుందో దగ్గరగా చూశాను.

ముందు మీరు చదివిన న్యూజిలాండ్ సంగతే చూద్దాం. ఆ పక్షికి హెరాక్లెస్ ఇన్‌ఎక్స్‌పెక్టేటస్ అని పేరు పెట్టారు. 'అనుకోని' అనే అర్థం ఆ పేరులోనే ఉంది. దక్షిణ దీవిలో సెంట్రల్ ఒటాగో ప్రాంతం, సెయింట్ బాథన్స్ అనే ఊరి దగ్గర, ఒకప్పటి పెద్ద సరస్సు అడుగు మట్టిలో దొరికింది. వయసు 1.6 నుంచి 1.9 కోట్ల సంవత్సరాలు. దొరికిన ఎముకలు రెండు, రెండూ కాలివి. మన భాషలో చెప్పాలంటే కోడికూరలో లెగ్ పీసు పట్టుకుంటామే, దాని మధ్యలో ఉండే ఎముక. శాస్త్రంలో దాన్ని టిబియోటార్సస్ అంటారు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. ఆ ఎముకలు దొరికింది 2008లో. చిలుక అని ప్రకటించింది 2019లో. మధ్యలో పదకొండేళ్ళు అవి ఒక ల్యాబ్ అరలో ఉన్నాయి. అంత పెద్ద ఎముక కాబట్టి గద్ద జాతిది అయ్యుంటుందని అనుకున్నారు. గద్దల మీద పరిశోధన చేస్తున్న ఎలెన్ మేథర్ అనే విద్యార్థిని ఆ ఎముకలను మళ్ళీ బయటికి తీశాక, గద్దతో పోల్చితే కుదరలేదు. ట్రెవర్ వర్తీ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఒక్కొక్క పక్షి గుంపుతో పోలుస్తూ, కానివాటిని పక్కన పెడుతూ వస్తే చివరికి చిలుక మిగిలింది. ఆ ఎముక మందాన్ని బట్టి బరువు సుమారు 7 కిలోలు, ఎత్తు సుమారు ఒక మీటరు ఉంటుందని లెక్క కట్టారు. ఇప్పుడు బతికున్న చిలుకల్లో అన్నిటికన్నా బరువైనది న్యూజిలాండ్‌లోని కాకపో. ఇది దానికి రెట్టింపు. మన రామచిలుక 120 గ్రాముల చుట్టూ తూగుతుంది. తేడా మీరే చూడండి.

బరువు లెక్క ఎలా కట్టారని మీకు అనుమానం రావచ్చు. పక్షి ఒళ్ళంతా ఆ రెండు కాళ్ళ మీదే నిలబడుతుంది. అందుకే కాలి ఎముక నడుమ చుట్టుకొలతకూ బరువుకూ సంబంధం ఉంటుంది. బతికున్న వందల పక్షుల బరువులు, ఎముక కొలతలు కలిపి సూత్రం తయారు చేశారు. రెక్క ఎముకతో అంత నమ్మకంగా చెప్పలేం. ఎగరని పక్షికి రెక్క ఎముక చిన్నదైపోతుంది కదా.

కొత్త జాతి తవ్విన చోట కాదు, పోల్చిన చోట దొరుకుతుంది. నాకు ఈ మాట తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. మట్టిలోంచి ఎముక తీసినప్పుడు అది 'ఒక ఎముక' అంతే. పక్కన బతికున్న పక్షుల ఎముకలు వరసగా పెట్టి, ఒక్కొక్క గుంట, ఒక్కొక్క గట్టు సరిచూస్తేనే అది ఫలానాది అవుతుంది. అందుకే పెద్ద మ్యూజియంలలో శిలాజాల పెట్టెలకన్నా మామూలు కాకి, పావురం, చిలుకల అస్థిపంజరాల పెట్టెలే ఎక్కువ పనికొస్తాయి.

ఇక చిలుక ఎముక ఎలా తెలుస్తుంది? మీకు అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే అనుకుంటున్నాను. కొంచెం వివరంగా చెప్తాను.

కోడి కాలు ఒకటి తీసుకోండి. లెగ్ పీసు కింద, పొలుసులతో పసుపుపచ్చగా ఉండే భాగం, వేళ్ళ పైన. అందులో ఉన్న ఒక్క ఎముకను టార్సోమెటాటార్సస్ అంటారు. ఉడకబెట్టి తోలు తీసేస్తే, దాని కింది చివర మూడు చిన్న గుండ్రటి ముడులు కనిపిస్తాయి. బావి గిలకలా మధ్యలో గాడి ఉంటుంది. ఒక్కో గిలక మీద ఒక్కో వేలు తిరుగుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని ట్రోక్లియా అంటారు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం గిలకే. కోడికి మూడు వేళ్ళు ముందుకు, ఒకటి వెనక్కి. అందుకని మూడు గిలకలూ ముందువైపే చూస్తాయి.

చిలుకకు రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కి. జామకాయను ఒక కాలితో పట్టుకుని తింటుంది చూడండి, ఆ పట్టు అందువల్లే. బయటి వేలు వెనక్కి తిరిగింది కాబట్టి దాని గిలక కూడా వెనక్కి తిరిగి ఉంటుంది. దాని పక్కన ఇంకో చిన్న గిలక అదనంగా ఉంటుంది. ఎముక మొత్తం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ఈ ఒక్క ఎముక కింది చివర బాగుంటే చిలుకో కాదో చాలావరకు చెప్పొచ్చు. జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. వడ్రంగిపిట్టకు, కోకిలకు కూడా వేళ్ళు రెండు ముందుకు రెండు వెనక్కే. గుడ్లగూబ తన బయటి వేలిని కావాలంటే వెనక్కి తిప్పుకోగలదు. కాబట్టి 'వెనక్కి తిరిగిన గిలక' చూడగానే చిలుక అనేయకూడదు. ఎముక పొట్టిదా, గిలకల పొడవులు ఎలా ఉన్నాయి, కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళలాంటి నరాలు పట్టే గాడులు ఎక్కడున్నాయి, ఇవన్నీ కలిసి రావాలి.

రెండోది ముక్కు. చిలుక పై ముక్కు తలకు బందు వేసిన తలుపులా కదులుతుంది. ఆ బందు ఎముక మీద స్పష్టంగా కనిపిస్తుంది. కింది దవడ ముందు భాగం వెడల్పుగా, గరిటె ముందు భాగంలా ఉంటుంది. మారిషస్‌లో అంతరించిన పెద్దముక్కు చిలుక అలా దవడతోనే లోకానికి తెలిసింది. మార్ ఓ సోంజ్ అనే బురద నేలలో 1865లో డోడో ఎముకలు బయటపడ్డాయి. అక్కడే దొరికిన కింది దవడను చూసి 1866లో రిచర్డ్ ఓవెన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆ చిలుకకు పేరు పెట్టాడు. అంతకుముందు 1601 ప్రాంతంలో అటు వెళ్ళిన డచ్ ఓడల దినచర్యలో ఆ చిలుక బొమ్మ గీసి ఉంది. అంటే మనుషులు చూసిన పక్షే. కానీ అది ఎలాంటి చిలుక, ఎంత పెద్దది అన్నది ఎముకే చెప్పింది. ఆ దీవుల చిలుకలు మన రామచిలుకల వంశానికి దగ్గరివే. చిన్న పక్షులు హిందూ మహాసముద్రం దాటి దీవుల్లో స్థిరపడి, అక్కడ వేరే ఆకారాలు తెచ్చుకున్నాయి. మనుషులు, వాళ్ళతో వచ్చిన ఎలుకలు, కోతులు వచ్చాక రెండు మూడు వందల ఏళ్ళలో చాలావరకు పోయాయి. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మా ఇంటి చింతచెట్టు మీద వాలే వాటి చుట్టాలు అవి.

ఇప్పుడు మీ ఒడ్డు సంగతి.

సిరోంచ చుట్టూ ఉన్న రాళ్ళు ప్రపంచంలో పేరున్నవి. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అనే ఊరి పేరు మీదే ఈ రాళ్ళ పొరలను 'కోట ఫార్మేషన్' అని పిలుస్తారు. మన తాలూకాలోని పోచంపల్లి దగ్గరే 1960 ప్రాంతంలో ఒక పెద్ద డైనోసార్ ఎముకలు తవ్వారు. దాని తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు. బారాపాసారస్ టాగోరీ అని 1975లో పేరు పెట్టారు. బారా పా అంటే పెద్ద కాలు. 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి కాబట్టి ఆయన పేరు కలిపారు. ఇప్పుడు కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. వడధంలో అటవీశాఖ శిలాజ పార్కు కూడా మీరు చూసే ఉంటారు.

కానీ ఇవన్నీ జురాసిక్ కాలానివి. పదిహేడు, పద్దెనిమిది కోట్ల ఏళ్ళ నాటివి. చిలుకల వంశానికి చెందినవని ఎవరైనా ధైర్యంగా చెప్పగలిగిన అతి పాత ఎముకలు ఐదారు కోట్ల ఏళ్ళ లోపువే. ఇటు బల్లార్‌పూర్, రాజురా బొగ్గు గనుల రాళ్ళు ఇంకా పాతవి. అక్కడ పక్షి మాటే లేదు. రాయి వయసు తెలియకుండా ఎముకకు పేరు పెట్టొద్దు. కోట రాళ్ళలో సన్నని బోలు ఎముక దొరికితే అది పక్షిది కాకుండా ఎగిరే సరీసృపానిది కావచ్చు. ఈ రాళ్ళలోంచి అలాంటి టెరోసార్‌ను 1974లోనే వర్ణించారు.

ఒక అనుభవం చెప్తాను. ఎర్రమట్టిని జల్లెడ పట్టే పని చేస్తున్న రోజులవి. ఆ పని ఎలాగంటే, మట్టి గడ్డలను బాగా ఎండబెట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, తర్వాత నీళ్ళలో వేస్తే గడ్డ దానంతట అదే విచ్చుకుంటుంది. సన్న కన్నాల జల్లెడలో కడిగితే ఆవగింజంత పళ్ళు, చేప పొలుసులు మిగులుతాయి. జురాసిక్ నాటి చిన్న చిన్న పాలిచ్చే జంతువుల పళ్ళు ఈ ప్రాంతంలో ఇలాగే దొరికాయి. ఒక రోజు జల్లెడలో ఒక చక్కని సన్నని ఎముక వచ్చింది. లోపల బోలు. మూడు రోజులు నిద్ర పట్టలేదు నాకు. నాలుగో రోజు మా సార్ దాన్ని కుందేలు పాదం ఎముకతో పక్కపక్కన పెట్టారు. అచ్చం అదే. కుందేలో మరేదో జంతువో ఆ మట్టిలో బొరియ చేసుకుని అక్కడే చచ్చింది. పాత మట్టిలోకి కొత్త ఎముక దిగింది. రంగు చూసి ఉంటే నాకే తెలిసేది. మిగతావన్నీ ముదురు గోధుమరంగు, అదొక్కటే లేతగా ఉంది. అప్పటినుంచి ఏ ఎముక వచ్చినా ముందు దాని చుట్టూ ఉన్నవాటి రంగుతో, బరువుతో పోల్చి చూస్తాను.

మరి మన దగ్గర చిలుక శిలాజం దొరికే అవకాశమే లేదా? ఉంది, వేరే చోట. నది పాత ఒండ్రుమట్టి గట్లలో. గోదావరి లోయలో అలాంటి గట్లలో ఏనుగుల, పశువుల ఎముకలు దొరికాయి. అవి వేల ఏళ్ళ నుంచి లక్షల ఏళ్ళ దాకా పాతవి. పక్షి ఎముక అంత గట్టిది కాదు కాబట్టి అరుదు. దానికన్నా మంచిది సున్నపురాయి గుహ. సున్నం ఉన్న చోట ఎముక కరగదు. అడవి నేలలో ఆకులు కుళ్ళి ఆమ్లం పుడుతుంది, సన్నని ఎముక కొన్నేళ్ళలోనే కరిగిపోతుంది. చిలుక అడవి పక్షి కాబట్టే దాని శిలాజాలు ప్రపంచమంతటా తక్కువ. మనవైపు ఒడిశాలో కొరాపుట్ జిల్లా గుప్తేశ్వర్ దగ్గర సున్నపురాయి గుహలున్నాయి, కానీ అది దేవుడి స్థలం, అక్కడ ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆంధ్రలో కర్నూలు వైపు బిల్లసర్గం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త తవ్వించాడు. పొరలు పొరలుగా జంతువుల ఎముకలు వచ్చాయి.

గుహలో ఎముకలు ఎలా చేరతాయి? చాలావరకు గుడ్లగూబ వల్ల. అది ఎలుకను, చిన్న పిట్టను మింగేసి, అరగని ఎముకలు, వెంట్రుకలు ఒక ఉండలా చేసి కక్కేస్తుంది. తరతరాలు అదే గూట్లో ఉంటే కింద ఎముకల గుట్ట అవుతుంది. కొన్నేళ్ళ క్రితం ఒక కాలేజీ లెక్చరర్‌తో కలిసి, అటవీశాఖ అనుమతితో, ఒక పాడుబడ్డ గోడ కింద అలాంటి ఉండలు రెండు బస్తాలు ఏరాం. నీళ్ళలో విప్పి చూస్తే దాదాపు అన్నీ ఎలుకలు, చుంచులు. కొద్దిగా బల్లులు, కొద్దిగా పిచ్చుకలు. రెండు బస్తాలకు కలిపి ఒక్క చిలుక కాలి ఎముక. ఆ గిలక వెనక్కి తిరిగి ఉండటం నేను మొదటిసారి కంటితో చూసింది అప్పుడే. ఇప్పటి చిలుకదే, కొత్తదేం కాదు. కానీ ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పుస్తకంలో బొమ్మ చూసిన దానికీ చేతిలో తిప్పి చూసిన దానికీ అంత తేడా.

మన దేశంలో చిలుకల వైపు వెళ్ళే పాత ఎముకలు గుజరాత్‌లో దొరికాయి. సూరత్ జిల్లా వస్తాన్ లిగ్నైట్ గనిలో, సుమారు 5.4 కోట్ల ఏళ్ళ నాటి మట్టిలో. గెరాల్డ్ మేయర్, రాజేంద్ర రాణా, అశోక్ సాహ్ని తదితరులు 2007లో దానికి వస్తానావిస్ అని పేరు పెట్టారు. అప్పుడు చేతిలో ఉన్నది ముఖ్యంగా భుజాన్ని రొమ్ము ఎముకకు కలిపే కోరకాయిడ్ ఎముక. ఇంకొన్ని ఎముకలు దొరికాక, 2010లో, అది చిలుకల వంశవృక్షం మొదట్లో ఎక్కడో ఉంటుందని వాదించారు. అంటే అది చిలుక అని కాదు, చిలుకల దూరపు చుట్టం. ఈ తేడా వార్తల్లో తరచూ పోతుంది. మన పక్క బొగ్గు, ఆ లిగ్నైట్ రెండూ గనిలోంచి వచ్చే నల్లటి ఇంధనమే అయినా, వాటి వయసుల మధ్య ఇరవై కోట్ల ఏళ్ళ దూరం ఉంది.

తప్పులు ఎలా జరుగుతాయి అన్నది కూడా మీరు తెలుసుకోవాలి. లేకపోతే ఒక్క ఎముక చాలు అన్న నా మాట మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

అమెరికాలో వయోమింగ్‌లో దొరికిన పళ్ళు లేని చిన్న దవడ ముక్కను చూసి, డైనోసార్ల కాలంలోనే చిలుకలు ఉండేవని 1998లో ఒక పరిశోధకుడు ప్రకటించాడు. మరుసటి ఏడాదే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ముక్కులాంటి దవడ ఉన్న చిన్న డైనోసార్లు కూడా ఉండేవి, అది వాటిదైనా కావచ్చన్నారు. డెన్మార్క్‌లో రెక్క పైభాగపు ఎముక ఒక్కటి దొరికితే 2008లో మాప్సిట్టా అనే చిలుకగా పేరు పెట్టారు. పత్రికలు పండగ చేసుకున్నాయి. తర్వాత అది చిలుక కాకుండా ఐబిస్ కొంగల వైపు పక్షి కావచ్చని ఇంకొకరు చూపించారు. రెండు చోట్లా సమస్య ఒక్కటే. ఎముక నిజమైనదే, కానీ అది చిలుకకు మాత్రమే ఉండే గుర్తు ఉన్న భాగం కాదు.

దీనికి ఎదురుగా సైబీరియా సంగతి నాకు చాలా ఇష్టం. బైకాల్ సరస్సులోని ఓల్ఖోన్ దీవిలో 1.6 నుంచి 1.8 కోట్ల ఏళ్ళ నాటి మట్టిలో కాలి ఎముక ముక్క దొరికింది. నేను పైన చెప్పిన గిలకల ఎముకే. నికితా జెలెంకోవ్ 2016లో అది చిలుకదని చూపించాడు. ఇప్పుడు మంచు కురిసే ఆ నేలలో ఒకప్పుడు చిలుకలు ఎగిరాయన్న మాట. అయినా ఆయన కొత్త జాతి పేరు పెట్టలేదు. చిలుక అని చెప్పడానికి ఆ ముక్క సరిపోయింది, ఏ చిలుకో చెప్పడానికి సరిపోలేదు. అక్కడే ఆగాడు. పేరు పెట్టి ఉంటే వార్త ఇంకా పెద్దదయ్యేది. ఆ ఆగటం నేర్చుకోవడమే ఈ పనిలో కష్టం.

కొత్త జాతి అనాలంటే ఇంకో రెండు అడ్డంకులు దాటాలి. మొదటిది, ఒకే జాతిలో ఉండే తేడాలు. మగది పెద్దగా, ఆడది చిన్నగా ఉండొచ్చు. పిల్ల ఎముక చివరలు గరుకుగా, సన్నని రంధ్రాలతో ఉంటాయి, ఎందుకంటే ఇంకా గట్టిపడలేదు. మన ఊళ్ళో మామూలు రామచిలుక, దానికన్నా పెద్దగా భుజాన ఎర్ర మచ్చ ఉండేది, తల ఎర్రగా ఉండే చిన్నది, ఇవన్నీ ఉన్నాయి. కొలతలు ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి. ఒక్కో జాతివి పదేసి ఎముకలైనా వెర్నియర్ అనే సన్నని కొలతల పరికరంతో కొలిస్తే గానీ, 'ఈ ఎముక వీటిలో దేనికీ సరిపడదు' అనే మాట అనలేం. రెండోది పద్ధతి. పేరు పెట్టిన ఆ ఎముకను అందరూ వచ్చి చూసుకునేలా మ్యూజియంలో నంబరు వేసి భద్రపరచాలి. మిగతా జాతులకూ దీనికీ తేడా ఏమిటో రాసి ప్రచురించాలి. ఇంట్లో బీరువాలో ఉన్న ఎముకకు ఎంత మంచి పేరు పెట్టినా శాస్త్రం దృష్టిలో అది లేనట్టే.

ఇక మీ చేతిలో ఉన్న ఎముక. ఒడ్డున ఇసుకలో వదులుగా దొరికింది అన్నారు. జాతరలప్పుడు, పుష్కరాలప్పుడు ఒడ్డున వంటలు చేసుకుని పారేసిన కోడి ఎముకలు ఏళ్ళ తరబడి ఇసుకలో అరిగి నున్నగా అవుతాయి. కొంగలు, నీటికాకులు కూడా అక్కడే చస్తాయి. నాలుకకు అంటించి అతుక్కుంటే శిలాజం అని ఊళ్ళో చెప్పుకుంటారు. అది నమ్మకండి. బాగా ఎండిన కొత్త ఎముక కూడా అంటుకుంటుంది. బరువు, రంగు, విరిగిన అంచు చూడండి. రాయిగా మారినది అదే సైజు కొత్త ఎముకకన్నా స్పష్టంగా బరువుంటుంది.

పోల్చుకోవడానికి చిలుక ఎముకలు సంపాదిద్దామని మాత్రం చూడకండి. చిలుక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత పక్షి. పట్టుకోవడం, పెంచడం నేరం. రోడ్డు మీద చచ్చి పడి ఉన్నదైనా అనుమతి లేకుండా ఇంటికి తెచ్చుకోవద్దు. మీకు కోడి చాలు. ఆదివారం తిన్నాక ఎముకలు పారేయకుండా నీళ్ళలో కొంచెం వాషింగ్ పౌడర్ వేసి సన్నని మంట మీద ఉడికించి, టూత్‌బ్రష్‌తో తోమి, నీడలో ఆరబెట్టండి. బ్లీచింగ్ వాడొద్దు, ఎముక పొడైపోతుంది. రెక్క, తొడ, లెగ్ పీసు, పాదం, ఒక్కొక్కటి విడిగా అట్ట మీద పెట్టి పేరు రాసుకోండి. బాతుది దొరికితే అదీ చేసుకోండి. ఈ రెండూ చేతిలో తిరిగాక మీ ఎముక ఏ భాగమో మీకే తెలుస్తుంది. నేను నేర్చుకున్నది ఇలాగే.

గట్టులోంచి గానీ, గుట్ట మీద నుంచి గానీ ఇంకేదైనా బయటికి కనిపిస్తే తవ్వకండి. ఫోటో తీసి, ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టి, అటవీశాఖ వాళ్ళకో జియలాజికల్ సర్వే వాళ్ళకో చెప్పండి. మన చుట్టూ రిజర్వ్ ఫారెస్ట్ ఎక్కువ, అక్కడినుంచి రాయి తెచ్చినా ఇబ్బందే. ఎముక ఏ పొరలో, ఏ వైపు తిరిగి ఉందో అన్నది పోతే సగం విషయం పోతుంది.

దీనికి నేను చాలా ఖరీదు చెల్లించాను. 2022 జూలై వరదలో మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. ఒండ్రు గట్ల నుంచి ఏళ్ళ తరబడి, అనుమతులతో, ఏరి పెట్టిన చిన్న ఎముకల డబ్బాలు మునిగాయి. ఎముకలకు ఏమీ కాలేదు. చీటీలు జెల్ పెన్నుతో రాశాను. తీసి చూస్తే తెల్ల కాగితాలు. నలభైకి పైగా డబ్బాలు, ఏది ఏ వాగుదో, ఎంత లోతుదో తెలియదు. అందులో ఒక పక్షి రెక్క ఎముక ఉంది, పాతదే, బరువుగా రాయిలా ఉండేది. అది ఏ గట్టుదో తెలిసుంటే దాని కథ వేరేగా ఉండేది. ఇప్పుడు అది పిల్లలకు చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు. పెన్సిల్‌తో రాయండి. పెన్సిల్ గీత నీళ్ళలో పోదు. చీటీ డబ్బా లోపల ఒకటి, బయట ఒకటి పెట్టండి, నోటు పుస్తకంలో కూడా రాయండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. ఎముకను కిటికీ వెలుతురులో నల్ల గుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి. ముఖ్యంగా రెండు చివరలూ దగ్గరగా, చివర మీ వైపు చూసేలా. ఏ రేవు దగ్గర, నీటి అంచు నుంచి ఎంత దూరంలో, ఇసుక మీదా లేక గట్టు మట్టిలో కూరుకునా, ఏ రోజున అన్నది ఇవాళే రాసి పెట్టుకోండి, రేపటికి మరిచిపోతారు. జిగురు, వార్నిష్ లాంటివి ఏమీ పూయకండి. ఫోటోలు ఇక్కడే పెట్టండి. కింది చివర గిలకలు ఉన్నాయో లేదో, ఉంటే బయటిది ఎటు చూస్తోందో చూసి చెప్తాను.